ఆమెన్ అన్నాక బాకీ అడగలేం

ఈమధ్య మా చర్చిలో ఒకబ్బాయి, కంప్యూటర్ ఉద్యోగం పోయాక, హీటింగ్ పని నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. సొంతంగా మొదలుపెడతానంటూ సలహా కోసం మా ఇంటికి వచ్చాడు. ఏ పనిముట్లు కొనాలి, ఇన్సూరెన్స్ ఎంతకి తీసుకోవాలి, వ్యాన్ కొత్తది మంచిదా పాతది మంచిదా, అన్నీ అడిగాడు. చేసిన పనికి డబ్బు ఎలా రాబట్టుకోవాలో మాత్రం అడగలేదు. పని బాగా చేస్తే డబ్బు దానంతటదే వస్తుందని అతని నమ్మకం. వ్యాన్ కొన్న రోజు నాకూ అదే నమ్మకం ఉండేది.

మాది నరసాపురం. అక్కడ ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసేవాణ్ణి. నా భార్య సుగుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద డెబ్భైల మధ్యలో ఇద్దరం న్యూజెర్సీ వచ్చి ఎడిసన్‌లో కాపురం పెట్టాం. చల్లబరిచే పని నేర్చుకున్నవాణ్ణి ఇక్కడ వెచ్చబరిచే పనిలో పడ్డాను. రిటైరయ్యేదాకా ఇళ్ళని వెచ్చబెట్టే బాయిలర్లు, ఫర్నేసులు బాగుచేసే బతికాను. నాకు తెలిసిన యంత్రాలు చాలావరకు ఇప్పుడు పాత ఇనుముకి పోయాయి కాబట్టి వాటి గురించి రాసి ఉపయోగం లేదు. డబ్బు ఎగ్గొట్టే మనుషులు మాత్రం అప్పుడెలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు. అందుకని వాళ్ళ గురించి రాస్తున్నాను. ఇందులో సంతోషపడాల్సింది పెద్దగా లేదని ముందే చెబుతున్నాను.

పెట్టె మూయకముందే

వచ్చిన కొత్తలో ఫ్రాంక్ అనే ఇటాలియన్ ముసలాయన దగ్గర జీతానికి చేశాను. నోరు తెరిస్తే తిట్లే. భోజనం వేళ కూడా తిడుతూనే తినేవాడు. కానీ ఈ వృత్తి గురించి నాకు తెలిసిన రెండు గట్టి విషయాలూ చెప్పింది ఆయనే.

ఒకరోజు పని అయిపోయాక నేను పనిముట్లు సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "పెట్టె మూయకు. ముందు చెక్కు రానీ" అన్నాడు. ఆయన పద్ధతి అది. రెంచీలూ గొట్టం ముక్కలూ బేస్‌మెంట్ నేల మీద పరిచి ఉండగానే పైకి వెళ్ళి ఇంటామెకి బిల్లు ఇచ్చేవాడు. కింద ఇంకా మనిషి ఉన్నాడు, పనిముట్లు ఉన్నాయి, అంటే పని పూర్తిగా అయిపోలేదని ఆమెకి అనిపించేది. చెక్‌బుక్ వెంటనే బయటికొచ్చేది. "వ్యాన్ ఎక్కి వీధి మలుపు తిరిగేలోపు ఇల్లు వెచ్చబడుతుంది. ఆ తర్వాత నువ్వెవరో వాళ్ళకి గుర్తుండదు" అనేవాడు.

రెండో మాట, "మీ వాళ్ళ పని ఎప్పుడూ ఒప్పుకోకు." ఆయన తన చర్చివాళ్ళ పని చేసేవాడు కాదు. బావమరిది ఇంట్లో ఫర్నేస్ ఆగిపోతే వేరే మెకానిక్‌ని పంపించాడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఈ దేశంలో వాళ్ళకి మనుషులంటే ఇంతేనా అని ఇంటికొచ్చి సుగుణతో అన్నాను కూడా. మొదటి మాట నేను చచ్చేదాకా పాటించాలనుకున్నాను, రెండో మాట ఆ రోజే మర్చిపోయాను. ఎవరి దగ్గర పెట్టె తెరిచి ఉంచాలో ఎవరి దగ్గర ఉంచలేమో నాకు అప్పటికి తెలియదు.

ఎవరికి భయపడాలి

ఆలస్యంగా ఇచ్చేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. సొంతంగా మొదలుపెట్టిన తొలి శీతాకాలంలోనే మెటచెన్‌లో ఒక పెద్దావిడకి ఫర్నేస్ మార్చాను. భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. పెన్షన్ రాగానే ప్రతి నెలా కొంచెం కొంచెం పంపేది. ఏదైనా నెల పంపలేకపోతే తనే ఫోన్ చేసి చెప్పేది. బాకీ తీరడానికి చాలాకాలం పట్టింది కానీ ఆమె గురించి నాకు ఒక్కరోజూ బెంగ కలగలేదు. డబ్బు లేనివాళ్ళకి సిగ్గు ఉంటుంది. ఆ సిగ్గే మన డబ్బుకి హామీ.

భయపడాల్సింది డబ్బున్నవాళ్ళకి. ఆ రోజుల్లో బ్యాంకు వడ్డీలు మండిపోతున్నాయి. బ్యాంకులో తీసుకుంటే వడ్డీ కట్టాలి. మెకానిక్‌కి ఇవ్వాల్సింది ఆపుకుంటే ఏమీ కట్టక్కర్లేదు. అలాంటివాళ్ళు మర్చిపోవడం వల్ల ఆలస్యం చేయరు. మన డబ్బుని తమ పనికి వాడుకుంటూ ఉంటారు. ఇంత చిన్న విషయం నా బుర్రకెక్కడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. గ్యాస్ బాయిలర్‌లో ఎప్పుడూ వెలుగుతుండే పైలట్ మంట పక్కన చిన్న రాగి పుల్ల ఒకటి ఉంటుంది. అది తీసేస్తే బాయిలర్ వెలగదు. నాకు తెలిసిన ఒక మెకానిక్, డబ్బివ్వని ఓనరు మీద కోపంతో జనవరి నెలలో దాన్ని పీక్కుని పోయాడు. ఓనరు ఉండేది వేరే ఊళ్ళో. చలికి వణికింది అద్దెకున్నవాళ్ళు. పై అంతస్తులో ఉండే ఒక ముసలాయన్ని అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. మీకు ఎంత కడుపు మండినా సరే, ఇంటి వేడి జోలికి మాత్రం పోకండి. ఆ చలి మీకు బాకీ ఉన్నవాడికి తగలదు.

మూడు బాయిలర్లు

ఎడిసన్‌కి దగ్గర్లో ఒక అమెరికన్ చర్చివాళ్ళు, వాళ్ళ ఆరాధన అయిపోయాక ఆదివారం మధ్యాహ్నాలు బేస్‌మెంట్ హాలు మాకు ఇచ్చేవారు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళం, ఎక్కువమంది నర్సులూ వాళ్ళ కుటుంబాలూ, అక్కడ తెలుగులో పాడుకుని, తెలుగులో ప్రార్థన చేసుకుని, పులిహోర తిని ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. ఆ వారానికంతటికీ మా ప్రాణం అక్కడ లేచొచ్చేది.

ఆ సంఘానికి పెద్ద ప్రకాశరావు అన్నయ్య. మందుల కంపెనీలో మంచి ఉద్యోగం. గొంతెత్తి ప్రార్థన చేస్తే వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. మాకు కారు లేనప్పుడు ప్రతి ఆదివారం వచ్చి ఎక్కించుకుని వెళ్ళింది ఆయనే. సుగుణకి డ్రైవింగ్ నేర్పింది వాళ్ళావిడ. మా అమ్మాయి సునీత పుట్టినప్పుడు ఆసుపత్రికి అన్నం వండి తెచ్చింది కూడా ఆవిడే. ఇవన్నీ రాయకపోతే వాళ్ళకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఇంత నష్టం జరిగేది కాదు.

ఆయన పెర్త్ ఆంబోయ్‌లో పాత ఇళ్ళు కొని అద్దెకిచ్చేవారు. ఎనభై తర్వాత ఆయిల్ ధర పెరిగిపోయి, ఆయిల్‌తో వెచ్చబడే ఇళ్ళున్న వాళ్ళందరూ గ్యాస్‌కి మారుతున్నారు. నాలాంటివాళ్ళకి చేతినిండా పని. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"రత్నం తమ్ముడూ, ఆయిల్ బిల్లులు కట్టలేక చస్తున్నా. మూడిళ్ళూ గ్యాస్‌కి కన్వర్ట్ చేసేద్దాం. మన డబ్బు బయటోడికి ఎందుకు పోవాలి, చెప్పు?"

"అలాగేనన్నయ్యా. కొంచెం అడ్వాన్స్ ఇస్తే బాయిలర్లు ఆర్డర్ చేస్తా."

"మనలో మనకి అడ్వాన్సేంటి తమ్ముడూ? నేనెక్కడికి పోతాను? పని అవ్వగానే చెక్ రాసిస్తా."

అదే మా కాంట్రాక్టు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. సంఘ పెద్ద దగ్గర సంతకం అడగడమంటే ఆయన ముఖం మీద ఉమ్మేసినట్టే అనుకున్నాను. ఇదే పని ఒక అమెరికన్ ఇస్తే సగం డబ్బు ముందు తీసుకునేవాణ్ణి. మనవాడు కాబట్టి తీసుకోలేదు. అంటే పరాయివాళ్ళతో జాగ్రత్తగా ఉండి, నమ్మినవాళ్ళ దగ్గర కళ్ళు మూసుకున్నాను.

బాయిలర్లు నా డబ్బుతో కొనలేదు. మెకానిక్‌లకి సరుకు ఇచ్చే సప్లై హౌస్ అని ఉంటుంది. అక్కడ అకౌంట్ ఉంటే సరుకు అరువుకి తెచ్చుకుని తర్వాత కట్టొచ్చు. ఆ అకౌంట్ పోతే ఈ వృత్తిలో మనిషి పోయినట్టే. డిసెంబర్‌లో ఎవరింట్లోనో బాయిలర్ పగిలితే కొత్తది కొనడానికి ఏ మెకానిక్ జేబులోనూ డబ్బుండదు. నాకు స్థిరమైన ఆదాయం లేదని, అకౌంట్ తెరిచేటప్పుడు మేనేజర్ ఎడ్ సుగుణ చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు. నేను కట్టకపోతే ఆమె జీతం మీదికి వస్తారన్నమాట.

ఇనుప బాయిలర్లని ముక్కలుగా విడదీసి, ఆ ఇరుకు మెట్ల మీదుగా దింపి, మళ్ళీ బిగించి, చలి ముదిరేలోపు మూడిళ్ళూ పూర్తి చేశాను. చివరి ఇంట్లో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు మొదటిసారి వేడెక్కినప్పుడు, కింద అద్దెకుండే పోర్టోరికో ఆమె వంటగదిలో రేడియేటర్ మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకుంది. ఆ నిమిషం మాత్రం ఈ వృత్తి నాకు చాలా ఇష్టంగా అనిపించింది. పెట్టె మూసేసి ఇంటికి వచ్చేశాను.

టీ, బిస్కెట్లు, ప్రార్థన

మొదటిసారి డబ్బు అడగడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీ ఇచ్చారు, బిస్కెట్లు పెట్టారు. సునీత స్కూలు గురించి అడిగారు. నరసాపురంలో మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. నేను నీళ్ళు నమిలి నమిలి చివరికి బాయిలర్ల మాట ఎత్తాను.

"అయ్యో, తెలుసు తమ్ముడూ, నా మైండ్‌లో అదే ఉంది. ఒక ఇంటి క్లోజింగ్ ఉంది, రిజిస్ట్రేషన్ అవ్వగానే ఇచ్చేస్తా" అన్నారు. లేచి వెళ్ళబోతుంటే, "వెళ్ళేముందు ప్రార్థన చేసుకుందాం" అని నా తల మీద చెయ్యి పెట్టి, నా చేతుల కష్టాన్ని ఆశీర్వదించమనీ, నా వ్యాపారాన్ని వృద్ధి చేయమనీ దేవుణ్ణి అడిగారు. నేను కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డాను. చివర్లో ఆమెన్ అన్నాను. ఆమెన్ అన్నాక ఇంక బాకీ ఎలా అడుగుతాం?

ప్రతిసారీ ఇదే జరిగింది. కాళ్ళరిగేలా తిరిగాను. ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి "మీ అన్నయ్య షవర్‌లో ఉన్నారు రత్నం" అనేది. ఇంటికి వెళితే టీ. టీ తర్వాత ప్రార్థన. ఆయన నాటకం ఆడుతున్నారని నేను ఇప్పటికీ అనలేను. ప్రార్థన చేసేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికేది. నాకు ఇవ్వాల్సిన దానికి బదులు దేవుణ్ణి ఇవ్వమని అడిగితే సరిపోతుందని ఆయన మనసులో ఎక్కడో ఉండి ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచారు. దేవుడు తనకి నాలుగో ఇల్లు అనుగ్రహించాడని చెప్పి, అందరినీ గృహప్రతిష్ఠ కూటానికి పిలిచారు. హాలంతా స్తోత్రం అంది. సుగుణ నా వైపు తిరిగి చూసింది. ఆ ఇంటికి కట్టిన మొదటి సొమ్ములో నా మూడు బాయిలర్లూ ఉన్నాయని ఆమెకీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

అదే వారంలో ఎడ్ నన్ను కౌంటర్ పక్కకి పిలిచాడు. మంచివాడే, కానీ అతని పైన కూడా మనుషులున్నారు. "సోమవారం పొద్దున్నకల్లా పాత బాకీ కట్టు. లేకపోతే అకౌంట్ మూసి ఫైలు లాయరుకి పంపించేస్తారు. నా చేతుల్లో లేదు" అన్నాడు. ఉన్న కొద్ది పొదుపూ అప్పటికే అతనికి కట్టేశాను. వ్యాన్ మీద అప్పుంది. కోర్టుకి వెళదామంటే కాగితం లేదు, సోమవారంలోపు తేలే పనీ కాదు.

ప్రార్థన అంశాలు

మా సంఘంలో శుక్రవారం సాయంత్రాలు ఒక్కో ఇంట్లో కూటం జరిగేది. ఆ శుక్రవారం ప్రకాశరావు అన్నయ్య ఇంట్లోనే. కూటంలో బైబిలు వాక్యం చదవడం అయిపోయాక ప్రార్థన అంశాలు చెప్పమంటారు. ఎవరికేం కష్టముందో ఒక్కొక్కరూ చెబుతారు, అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. ఒకరు గ్రీన్ కార్డ్ అన్నారు. ఒక సిస్టర్ నర్సింగ్ బోర్డు పరీక్ష అంది. ఎవరిదో తల్లికి ఆపరేషన్.

సుగుణ చెయ్యి ఎత్తింది. తను మాట్లాడబోతోందని నాకు ముందు చెప్పలేదు.

"మా ఆయన చేసిన పనికి డబ్బు రావాలండి. చాలా నెలలైంది. సోమవారం లోపు సప్లై హౌస్‌కి కట్టకపోతే అకౌంట్ క్లోజ్ చేసేస్తారంట. ఇక ఆయన పని ఆగిపోయినట్టే. బాకీ ఉన్నవాళ్ళ మనసుని దేవుడు కదిలించాలని ప్రేయర్ చెయ్యండి" అంది.

ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరి వైపూ చూడలేదు. చాలామందికి ఏమీ తెలియదు కాబట్టి పాపం అన్నట్టు తలలూపారు. ప్రకాశరావు అన్నయ్య మాత్రం బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళావిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ అంశం మీద ప్రార్థన చేసింది ఆయనే. పాపుల మనసుని కరిగించమన్నారు. తమ్ముడికి రావలసింది రప్పించమన్నారు. ఎక్కడా తడబడలేదు. నేను ఒక్కసారి కళ్ళు తెరిచి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి, బుగ్గల మీద నీళ్ళున్నాయి.

కారెక్కాక సుగుణ అంది, "మీరు పది సార్లు అడిగినా ఇవ్వలేదు. నేను దేవుడి ముందు అడిగాను. ఇప్పుడు ఇవ్వక ఏం చేస్తారు?"

నాకూ నిజంగా ఆశ పుట్టింది.

ఆదివారం

ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రకాశరావు అన్నయ్య లేచి ముందుకి వచ్చారు.

"మన మధ్యలోనే ఒక కుటుంబం అక్కరలో ఉంది. రత్నం బ్రదర్ బిజినెస్ కష్టంలో పడింది. రేపటిలోగా ఆ తమ్ముడికి సహాయం కావాలి. మనం ఉన్నదెందుకు? ప్రత్యేక కానుక వేద్దాం. ముందు నేనే మొదలుపెడతాను" అంటూ జేబులోంచి ఒక చెక్కు తీసి కానుక సంచిలో వేశారు.

సంచి వరసల మధ్య తిరగడం మొదలైంది. ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురితో కలిసి ఉండే ఒక స్టూడెంట్ పర్సులో ఉన్నదంతా తీసి వేశాడు. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చిన ఒక నర్సు చెక్కు రాసింది. పిల్లలు క్వార్టర్లు, అంటే పావు డాలరు నాణేలు, వేశారు. వాళ్ళెవరూ నాకు ఏమీ బాకీ లేరు.

మా పాస్టరు అయ్యగారు డబ్బంతా ఒక కవరులో పెట్టి నన్ను ముందుకి పిలిచారు. నడిచి వెళ్ళాను. ముందు వరసలో ప్రకాశరావు అన్నయ్య నన్ను చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. అది వెటకారం కాదు, నిజంగానే ప్రేమగా నవ్వుతున్నారు. ఆ క్షణాన నోరు తెరిచి, ఇది నాకు దానం కాదు, నా కూలి, ఇవ్వాల్సినవాడు ఇదిగో ఇక్కడ కూర్చున్నాడు అని చెప్పొచ్చు. చెబితే కవరు అక్కడే ఆగిపోతుంది. సంఘం రెండు ముక్కలవుతుంది. సోమవారం పొద్దున ఎడ్ ఫైలు లాయరుకి పంపిస్తాడు.

కవరు రెండు చేతులతో అందుకున్నాను. "దేవుడికి వందనాలు. మీ అందరికీ, ప్రకాశరావు అన్నయ్యకీ థాంక్స్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణ కుర్చీలోంచి లేవలేదు. ఆమె అంత సిగ్గుపడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

సోమవారం తలుపులు తీసేవేళకే సప్లై హౌస్‌కి వెళ్ళాను. ఒక్క డాలరు, అయిదు డాలర్ల నోట్లు లెక్కపెడుతూ ఎడ్ నవ్వాడు. "ఏంటిది, చర్చిలో కానుకల ప్లేటు గానీ ఎత్తుకొచ్చావా?" అన్నాడు. అకౌంట్ నిలబడింది.

లెక్క సరిపోయింది

ఆ కవరులో ప్రకాశరావు అన్నయ్య చెక్కు కూడా ఉంది. మూడు బాయిలర్లలో ఒక్కదాని ధరకి కూడా సరిపోదు. మొత్తం కలిపితే సప్లై హౌస్ వరకు సరిపోయింది. నా కూలి అలాగే ఉండిపోయింది. వసంతం వచ్చాక మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళాను. ఈసారి టీ వద్దని, నా కూలి మాట ఎత్తాను.

"అది ఆ ఆదివారం ఇచ్చేశాంగా తమ్ముడూ" అన్నారు ఆయన, ఆశ్చర్యపోతూ.

"అది సంఘం ఇచ్చింది కదన్నయ్యా."

"సంఘమంటే ఎవరు? మనమేగా. నేను లేచి చెప్పకపోతే ఎవరిస్తారు చెప్పు? లెక్క సరిపోయింది. ఇంక మనసులో ఏమీ పెట్టుకోకు."

నాకు కోపం రాలేదు. ఆయనకి ఆ లెక్క నిజంగానే సరిపోయింది. స్టూడెంట్ పర్సులోంచి తీసిన డబ్బుతో, నర్సు రాసిన చెక్కుతో తన బాకీ తీరిపోయింది, పైగా తనే నన్ను ఆదుకున్నాడు. ఇంతలో "ప్రార్థన చేసుకుందాం" అంటూ లేచారు. నేను కూడా కళ్ళు మూసుకున్నాను.

కానుక వేసినవాళ్ళకి తిరిగి ఇచ్చేద్దామని అయ్యగార్ని పేర్లు అడిగాను. "దేవుడికి ఇచ్చినదాన్ని వెనక్కి ఇవ్వకూడదు బాబూ" అన్నారు. అందుకని నాకు గుర్తున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఫర్నేసులు ఉచితంగా శుభ్రం చేసి వచ్చేవాణ్ణి. ఆ తర్వాత కొన్ని శీతాకాలాలు అలాగే గడిచాయి. అంటే ప్రకాశరావు అన్నయ్య ఇళ్ళకి ఒకసారి పనిచేసి, దానికి వచ్చిన డబ్బు తీర్చడానికి రెండోసారి పనిచేశాను.

మనవాళ్ళ నుంచి వచ్చే పని మాత్రం తగ్గిపోయింది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు ఏసీ పెట్టించుకోవాలంటే బయటి కంపెనీకి ఫోన్ చేసేవారు. ఒకాయన నాతోనే మొహమాటం లేకుండా అన్నాడు, "ఏమనుకోకు రత్నం, నీకు డబ్బు ఇబ్బంది కదా, మధ్యలో ఆగిపోతే మాకు కష్టం." కానుక తీసుకున్నవాడికి దయ చూపిస్తారు కానీ పని ఇవ్వరు. ఈ మాట నాకు ఏ ఫ్రాంకూ చెప్పలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నిన్ను తమ్ముడూ అన్నవాడికే ముందు ధర చెప్పు. చర్చి హాల్లో భుజం మీద చెయ్యి వేసినవాడి దగ్గరే సంతకం తీసుకో. సగం డబ్బు చేతికి రాకుండా ఒక్క గొట్టం కూడా కొనకు. అప్పుడు అతను నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఆ నొప్పి ఒక వారంలో పోతుంది. ఇది మనుషుల్ని అనుమానించమని చెప్పడం కాదు. వాళ్ళతో కలిసి ఇంకా కొన్నేళ్ళు ప్రార్థన చేసుకోవాలనుకుంటే ఇది తప్ప వేరే దారి లేదు.

సునీత

ఎనభైల చివర్లో ప్రకాశరావు అన్నయ్య గుండెపోటుతో పోయారు. జ్ఞాపకార్థ కూటానికి హాలు సరిపోలేదు. అప్పటికి ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లు వచ్చేశాయి, సంఘం కూడా పెద్దదైంది. ఆయన చేసిన మంచి గురించి ఒక్కొక్కరూ చెబుతున్నారు. ఎవరిని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చారో, ఎవరికి మొదటి నెల ఇంట్లో చోటిచ్చారో చెబుతున్నారు. అవన్నీ నిజమే.

అప్పుడు మా సునీత లేచింది. హైస్కూల్ చదువుతోంది. తెలుగులో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల, మైకు దగ్గరికి వెళ్ళి తెలుగులోనే మొదలుపెట్టింది.

"నేను చిన్నగా ఉన్నప్పుడు మా డాడీకి బిజినెస్‌లో చాలా కష్టం వచ్చింది. ప్రకాశరావ్ అంకుల్ హెల్ప్ చేసారు. అంకుల్ లేకపోతే మా డాడీకి వర్క్ ఉండదు, మాకు ఏమీ ఉండదు. థాంక్యూ అంకుల్."

హాలంతా ఆమెన్ అంది. వాళ్ళావిడ లేచి వచ్చి సునీతని కౌగిలించుకుని ఏడ్చింది. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఇంటికి వెళుతుండగా కారులో సుగుణ నాతో, "ఇప్పటికైనా చెప్పండి దానికి" అంది. డ్రైవ్ చేస్తూనే చెప్పాను. మూడు ఇళ్ళు, మూడు బాయిలర్లు, నాలుగో ఇల్లు, ప్రార్థన అంశం, కవరు, అన్నీ వరసగా చెప్పాను.

"కానీ డాడీ, నువ్వు ముందుకి వెళ్ళి థాంక్స్ చెప్పావ్. నాకు గుర్తు ఉంది. నేను క్లాప్ చేసాను. ఎందుకు చెప్పావ్?"

"సోమవారం పొద్దున డబ్బు కట్టాలమ్మా. కట్టకపోతే నా పని పోయేది" అన్నాను.

"ఓకే," అంది. "బట్ మండే అయిపోయింది కదా డాడీ. తర్వాత ఎందుకు చెప్పలేదు? ఇన్ని ఇయర్స్?" అని అడిగింది.

సుగుణ నా వైపు తిరిగింది. ఇల్లు వచ్చేదాకా నేను రోడ్డు వైపే చూస్తూ కారు నడిపాను.